గాజు దారంతో పగుళ్ళ చప్పుడు వినడం ఎలా?

1988 ఏప్రిల్ 28. హవాయి దీవుల్లో హీలో నుంచి హోనలూలూకి బయల్దేరిన అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం 24,000 అడుగుల ఎత్తుకి చేరింది. ఉన్నట్టుండి ముందు భాగంలో పైకప్పు, దాదాపు 18 అడుగుల పొడవున, ఊడి గాలిలో కలిసిపోయింది. విమానంలో ఉన్న 95 మందిలో ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, 65 మంది గాయపడ్డారు. పైలట్లు ఆ విమానాన్ని అలాగే మావీ దీవిలో దించగలిగారు. పైకప్పు లేకుండా నేల మీద నిలబడిన ఆ విమానం ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ బోయింగ్ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచుతారు, దిగేటప్పుడు తగ్గిస్తారు. అంటే విమానం చర్మం బెలూన్‌లా కొంచెం ఉబ్బి, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ చర్మం మందం 0.9 మిల్లీమీటర్లు, అంతే. రెండు అల్యూమినియం రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కే చోట మధ్యలో జిగురు, పైన రివిట్ల వరసలు. జిగురు పట్టు వదిలేసింది, తుప్పు చేరింది, బరువంతా రివిట్ల మీద పడింది. ఒక్కో రివిట్ కన్నం పక్కన కంటికి ఆనని పగులు పుట్టింది. చివరికి ఆ పగుళ్ళన్నీ చేతులు కలిపాయి. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఒక ప్రయాణికురాలికి పగులు కనిపించిందనీ, ఆమె ఎవరికీ చెప్పలేదనీ దర్యాప్తు నివేదికలో ఉంది.

కంటికి కనిపించే దశకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. కాబట్టి అంతకుముందే వినాలి. ఎలా వినాలి, దేనితో వినాలి అన్నదే ఈ వ్యాసం. వినే పరికరం ఏమిటంటే మన ఇళ్ళకి ఇంటర్నెట్ తెచ్చే ఆ ఫైబరే. ఏపీ ఫైబర్‌నెట్ వాళ్ళు కరెంటు స్తంభాల మీదుగా లాగిన కేబుల్ లోపల ఉండే లాంటి గాజు దారం.

కుండ కొట్టి చూడటం

కుండలు కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి కుండ, బొంగురుగా పలికితే ఎక్కడో సన్నటి పగులున్నట్టు. సూత్రం మొత్తం అదే. మనం పంపిన శబ్దం వస్తువంతా తిరిగి వస్తూ, దారిలో పగులు తగిలితే మారిపోతుంది. దీన్ని యాక్టివ్ పద్ధతి అంటారు.

రెండోది పాసివ్ పద్ధతి. ఇందులో మనం కొట్టం. పగులు తనంతట తాను ఒక అడుగు ముందుకి జరిగినప్పుడు లోహంలో ఒక చిన్న "టిక్" పుడుతుంది, దానికోసం చెవి పెట్టుకుని కూర్చుంటాం. ఇది అకౌస్టిక్ ఎమిషన్. జోసెఫ్ కైజర్ అనే జర్మన్ 1950లో మ్యూనిక్‌లో సమర్పించిన థీసిస్‌తో దీని మీద ఆధునిక పరిశోధన మొదలైంది.

రెండు పద్ధతుల్లోనూ శబ్దం మన చెవికి అందని శ్రేణిలో ఉంటుంది. సెకనుకి 20,000 కంపనాలు, అంటే 20 కిలోహెర్ట్జ్ దాటితే అల్ట్రాసౌండ్. లోహపు రేకుల పరీక్షల్లో ఎక్కువగా 100 నుంచి 300 కిలోహెర్ట్జ్ దగ్గర పని చేస్తారు.

పల్చటి రేకులో శబ్దం గాలిలో వెళ్ళినట్టు వెళ్ళదు. పై ఉపరితలం, కింది ఉపరితలం రెండూ కలిసి దాన్ని ఒక కాలువలోలా నడిపిస్తాయి. వీటిని లాంబ్ తరంగాలంటారు, 1917లో హొరేస్ లాంబ్ లెక్క కట్టాడు. వీటిలో రెండు రకాలు మనకి ముఖ్యం. ఒకటి రేకుని పొడవునా సాగదీస్తూ కుదిస్తూ పోయేది, దీని పేరు ఎస్ జీరో. రెండోది రేకుని దుప్పటి దులిపినట్టు పైకీ కిందకీ వంచుతూ పోయేది, దీని పేరు ఏ జీరో. ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకులో 300 కిలోహెర్ట్జ్ దగ్గర ఎస్ జీరో సెకనుకి సుమారు 5,400 మీటర్ల వేగంతో పరిగెడుతుంది, తరంగదైర్ఘ్యం 18 మిల్లీమీటర్లు. ఏ జీరో నిదానం, తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలు, 18, 5, గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తాయి.

(నేను చదివింది ఇంగ్లీషు మీడియం. తరంగదైర్ఘ్యం అనే మాట ఈ క్లబ్బులో చేరాకే నోరు తిరిగింది. అందుకే వదలకుండా వాడుతున్నాను, భరించండి.)

ఇప్పటిదాకా ఈ పని పీజెడ్‌టీ అనే సిరామిక్ బిళ్ళలు చేస్తున్నాయి. నొక్కితే ఓల్టేజి ఇస్తాయి, ఓల్టేజి ఇస్తే కదులుతాయి. చవక, చాలా సున్నితం, ల్యాబ్‌లో వాటికి పోటీ లేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఇబ్బంది ల్యాబ్ బయట మొదలవుతుంది. ఒక్కో బిళ్ళకి వైర్లు కావాలి. ఆ వైర్లు యాంటెన్నాల్లా పనిచేసి చుట్టుపక్కల మోటార్ల రొదనీ రేడియో తరంగాల్నీ మోసుకొస్తాయి. ఇంధనం ట్యాంకు పక్కన కరెంటు వైరు లాగాలంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు. గాజుకి ఈ బాధలు లేవు. అందులో వెళ్ళేది కాంతి. విద్యుదయస్కాంత రొద దానికి అంటదు, నిప్పురవ్వ పుట్టదు. 125 మైక్రాన్ల మందం, అంటే దాదాపు తల వెంట్రుకంత.

గాజులో గీసిన 18,700 గీతలు

మామూలు ఫైబర్ కాంతిని మోస్తుందే కానీ దేన్నీ పెద్దగా పట్టించుకోదు. దాన్ని చెవిగా మార్చాలంటే లోపల ఒక గుర్తు పెట్టాలి.

1978లో కెనడాలోని ఒటావాలో కెన్ హిల్ బృందం జెర్మేనియం కలిపిన ఫైబర్‌లోకి ఆర్గాన్ లేజర్ కాంతిని పంపుతోంది. నిమిషాలు గడిచేకొద్దీ వెనక్కి తిరిగొచ్చే కాంతి పెరుగుతూ పోయింది. వెళ్ళే కాంతి, తిరిగొచ్చే కాంతి కలిసి ఫైబర్ గర్భంలో వెలుగు చీకట్ల చారలు ఏర్పరిచాయి, వెలుగు పడిన చోటల్లా గాజు వక్రీభవన గుణకం కొద్దిగా మారిపోయింది. కాంతి తన అద్దాన్ని తానే చెక్కుకుంది అన్నమాట. 1989లో మెల్ట్జ్, మోరే, గ్లెన్ అనే ముగ్గురు అతినీలలోహిత కాంతితో ఫైబర్ పక్కనుంచి, మనకి కావలసిన దూరాల్లో ఈ చారలు వేసే పద్ధతి చూపించారు. అక్కడినుంచి దీన్ని తయారుచేయడం పరిశ్రమ అయిపోయింది.

దీని పేరు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్, పొట్టిగా ఎఫ్‌బీజీ. గ్రేటింగ్‌కి తెలుగేమిటని క్లబ్బులో అరగంట కొట్టుకున్నాం. "జాలకం" అన్నారొకరు, "గీతల వరస" అన్నారింకొకరు. నేను గ్రేటింగ్ అనే రాస్తున్నాను, ఎందుకంటే షాపులో అడిగితే అదే ఇస్తారు.

ఇది ఒకే ఒక్క రంగు కాంతిని వెనక్కి పంపుతుంది, మిగతాదంతా ముందుకి వదిలేస్తుంది. ఏ రంగు అన్నది సులువైన లెక్క:

బ్రాగ్ తరంగదైర్ఘ్యం = 2 × వక్రీభవన గుణకం × గీతల మధ్య దూరం

గుణకం 1.447, గీతల మధ్య దూరం 535 నానోమీటర్లు అనుకుంటే జవాబు సుమారు 1,548 నానోమీటర్లు. ఇది సరిగ్గా టెలికాం వాళ్ళు వాడే శ్రేణి. ఇంటర్నెట్ పుణ్యమా అని ఈ శ్రేణిలో లేజర్లు, డిటెక్టర్లు సులువుగా దొరుకుతాయి. ఒక సెంటీమీటరు గ్రేటింగ్‌లో దాదాపు 18,700 గీతలు పడతాయి.

ఇప్పుడు ఈ ఫైబర్‌ని లాగితే గీతల మధ్య దూరం పెరుగుతుంది, తిరిగొచ్చే రంగు జరుగుతుంది. ఒక మైక్రోస్ట్రెయిన్‌కి 1.2 పికోమీటర్ల చొప్పున. వేడి చేసినా జరుగుతుంది, ఒక డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు. వంతెనల్లో, సొరంగాల్లో స్ట్రెయిన్ కొలవడానికి ఇదే సూత్రాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు.

అయితే అల్ట్రాసౌండ్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఒక కిలోమీటరు కడ్డీ ఒక మిల్లీమీటరు సాగితే అది ఒక మైక్రోస్ట్రెయిన్. మనం వినాలనుకుంటున్న తరంగం నానోస్ట్రెయిన్లలో ఉంటుంది. అంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, మన కోస్తా తీరమంత పొడవున, దాదాపు వెయ్యి కిలోమీటర్ల కడ్డీ వేసి, అది ఒక మిల్లీమీటరు సాగితే ఎంతో అంత! దానికి రంగు జరిగేది 0.0012 పికోమీటర్లు. ప్రోటాన్ వ్యాసం కంటే తక్కువ. పైగా అది సెకనుకి మూడు లక్షలసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వంతెనల దగ్గర వాడే పరికరాలు మామూలుగా రంగుల పట్టీ మొత్తం స్కాన్ చేసి శిఖరం ఎక్కడుందో వెతుకుతాయి. సెకనుకి కొన్ని వేలసార్లు స్కాన్ చేసినా మూడు లక్షల ఊపులు పట్టుకోలేవు.

వాలు మీద నిలబడటం

కాబట్టి స్కాన్ చేయడం మానేద్దాం. గ్రేటింగ్ తిప్పి పంపే కాంతిని గ్రాఫ్ వేస్తే ఒక కొండలా ఉంటుంది. అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా తిరిగొచ్చిన కాంతి. మన దగ్గర సన్నటి గీతలాంటి లేజర్ ఉంది, ఒకే తరంగదైర్ఘ్యం. దాన్ని కొండ శిఖరం మీద కాకుండా వాలు మధ్యలో నిలబెట్టండి. కొండ పిసరంత పక్కకి జరిగినా మనం నిలబడ్డ చోట ఎత్తు మారుతుంది. శిఖరం మీద అయితే మారదు, అక్కడ చదును కదా. ఎత్తు మారడమంటే కాంతి తీవ్రత మారడం, దాన్ని ఒక ఫొటోడయోడ్ మెగాహెర్ట్జ్ వేగంతో చక్కగా కొలుస్తుంది.

వాలు ఎంత నిటారుగా ఉంటే సెన్సర్ అంత సున్నితం. ఇక్కడ లెక్క వేయకపోతే విషయం అర్థం కాదు, కాబట్టి ఉజ్జాయింపుగా వేద్దాం.

సెంటీమీటరు పొడవున్న మామూలు గ్రేటింగ్ కొండ వెడల్పు 0.2 నానోమీటర్లు. ఒక పక్క వాలు 100 పికోమీటర్లు అనుకుందాం. ఒక నానోస్ట్రెయిన్ వస్తే మార్పు 0.0012 ను 100 తో భాగిస్తే వచ్చేది, అంటే నూటికి 0.0012 వంతు. చాలా తక్కువ, లేజర్ సొంత రొదలో కొట్టుకుపోవచ్చు.

దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. గీతలు వేస్తున్నప్పుడు సరిగ్గా మధ్యలో అర గీత దూరం ఎడం వదిలితే, కొండ నడినెత్తిన ఒక సన్నటి లోయ పుడుతుంది. దీన్ని పై ఫేజ్ షిఫ్ట్ గ్రేటింగ్ అంటారు. ఆ లోయ గోడ వెడల్పు 4 పికోమీటర్లు అనుకుందాం. అదే నానోస్ట్రెయిన్‌కి మార్పు ఇప్పుడు నూటికి 0.03 వంతు. పాతిక రెట్లు మెరుగు!

ఇదంతా బాగానే ఉంది. ఇప్పుడు రెండో లెక్క. మనం వాలు మధ్యలో నిలబడ్డాం. మామూలు గ్రేటింగ్‌లో అటు 50, ఇటు 50 పికోమీటర్లు జరిగేదాకా వాలు మీదే ఉంటాం. డిగ్రీకి 10 పికోమీటర్ల చొప్పున, ఐదు డిగ్రీల వేడి మారేదాకా పర్వాలేదు. లోయ గోడ మీద అయితే అటు 2, ఇటు 2. అంటే 0.2 డిగ్రీలు. ఎవరో వచ్చి పక్కన నిలబడి ఊపిరి వదిలితే చాలు, వాలు మీదనుంచి జారిపోతాం. పాతిక రెట్లు సున్నితం సంపాదించి, సరిగ్గా పాతిక రెట్లు నిలకడ పోగొట్టుకున్నాం.

నన్నడిగితే ఈ సబ్జెక్టు మొత్తం ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది. పేపర్లలో "మా సెన్సర్ ఇన్ని రెట్లు సున్నితం" అన్న వాక్యం కనిపించినప్పుడల్లా, ఎన్ని డిగ్రీల దాకా నిలబడుతుందో కూడా వెతకండి.

పెళ్ళి బ్యాండు పక్కన గుసగుస

ఈ బేరంలోంచి బయటపడే మొదటి దారి వేగాల తేడా. వేడి సెకన్లలో, నిమిషాల్లో మారుతుంది. అల్ట్రాసౌండ్ మైక్రోసెకన్లలో. కాబట్టి లేజర్‌కి ఒక ఫీడ్‌బ్యాక్ లూప్ కట్టొచ్చు. ఫొటోడయోడ్ సగటు ఓల్టేజి నెమ్మదిగా పక్కకి పోతుంటే, లేజర్ కరెంటుని కొంచెం మార్చి మళ్ళీ వాలు మధ్యకి తెచ్చిపెట్టాలి. లూప్ వేగం కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర ఆపాలి. మరీ వేగంగా ఉంటే మనం వినాలనుకున్న తరంగాన్ని కూడా "సరిదిద్ది" చెరిపేస్తుంది.

లేజర్ గురించి ఇంకో మాట. లేజర్ రంగు తనంతట తాను వణికితే, అది గ్రేటింగ్ కదిలినట్టే కనిపిస్తుంది. స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలు కదిలినట్టు అనిపించడం లాంటిదే, ఏది కదిలిందో చెప్పలేం. అందుకే సన్నటి, నిలకడైన లేజర్ కావాలి, ఖర్చంతా అక్కడే. తీవ్రతలో వణుకుకి మాత్రం చక్కటి మందుంది. లోయ గోడ మీద తిరిగొచ్చే కాంతి పెరిగితే ముందుకెళ్ళే కాంతి అంతే తగ్గుతుంది. రెండిటినీ సరిసమానం చేసి రెండు డయోడ్లతో కొలిచి తీసివేస్తే, సిగ్నల్ రెట్టింపవుతుంది. లేజర్ తీవ్రత వణుకు రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టేసుకుపోతుంది.

వేడి సంగతి లూప్ చూసుకుంటుంది, సరే. మరి విమానం సంగతి? చర్మం ఉబ్బడం, రెక్క ఊగడం. గాలిలోకి లేచి దిగేలోపు చర్మం కొన్ని వందల మైక్రోస్ట్రెయిన్ సాగుతుంది. 500 అనుకుంటే 600 పికోమీటర్ల జరుగుడు. మన లోయ గోడ 4 పికోమీటర్లు! గోడకి నూట యాభై రెట్లు. దానికితోడు ఇంజన్ కంపనాలు సెకనుకి పదులసార్లు, వందలసార్లు ఊపుతుంటాయి. లూప్ వీటన్నిటి వెంటా పరిగెత్తాలి, ఒక్కసారి కూడా తప్పిపోకూడదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నిలబడి, ఎవరో చెవిలో చెప్పే గుసగుస వినడం లాంటిది. పైగా అల్యూమినియం వేడికి గాజుకంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. గ్రేటింగ్‌ని దానికి అతికిస్తే డిగ్రీకి 10 కాదు, దాదాపు 37 పికోమీటర్లు జరుగుతుంది.

ఎలక్ట్రానిక్స్‌తో దీన్ని గెలవాలని చాలామంది చాలా చేశారు. గ్రేటింగ్‌నే లేజర్‌లో ఒక అద్దంగా వాడి, రింగులా కట్టి, గ్రేటింగ్ ఎటు జరిగితే లేజర్ అటే వెళ్ళేలా చేయడం వాటిలో ఒకటి. కానీ నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయంలో ఎలక్ట్రానిక్స్ లేదు, జిగురు చుక్క ఉంది.

జిగురు ఎక్కడ పెట్టాలి

అందరూ గ్రేటింగ్‌నే రేకుకి అతికిస్తారు, సెన్సర్ అదే కాబట్టి. అలా కాకుండా గ్రేటింగ్‌ని గాలిలో వదిలేసి, దానికి పది సెంటీమీటర్ల అవతల ఉన్న మామూలు ఫైబర్‌ని రేకుకి అతికిస్తే? ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ జిగురు చిన్న చుక్క చాలు.

రేకులో వచ్చిన అల్ట్రాసౌండ్ జిగురు చుక్క ద్వారా ఫైబర్‌లోకి ఎక్కుతుంది. గాజు శబ్దానికి మంచి దారి. ఫైబర్ పొడవునా పాకుతూ వెళ్ళి గ్రేటింగ్‌ని సాగదీసి కుదుపుతుంది. చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోన్ ఆట ఆడేవాళ్ళం చూడండి, అచ్చం అదే. కానీ రేకు మెల్లగా ఉబ్బినప్పుడు గ్రేటింగ్‌కి ఏమీ కాదు! ఎందుకంటే అది ఒకవైపే కట్టి ఉంది. రేకు సాగితే ఫైబర్ మొత్తం కొద్దిగా జరుగుతుందే కానీ గ్రేటింగ్ సాగదు. 500 మైక్రోస్ట్రెయిన్ పోయింది. అల్యూమినియం వ్యాకోచం కూడా పోయింది, డిగ్రీకి 37 మళ్ళీ 10 అయింది. పెద్దదీ నిదానమైనదీ లోపలికి రాదు, చిన్నదీ వేగమైనదీ వస్తుంది. సర్క్యూట్ లేకుండా ఒక ఫిల్టర్ దొరికింది. మిగిలిన వేడి తేడాని నిదానమైన లూప్ హాయిగా సర్దుకుంటుంది.

ఇందులో ఇంకో లాభం దాగి ఉంది. ఇందాకటి 18, 5 అంకెలు గుర్తున్నాయా? గ్రేటింగ్‌ని రేకు మీదే అతికిస్తే, దాని పొడవు తరంగదైర్ఘ్యం కంటే బాగా తక్కువ ఉండాలి. సెంటీమీటరు గ్రేటింగ్ మీద 5 మిల్లీమీటర్ల ఏ జీరో తరంగం వస్తే, గ్రేటింగ్‌లో రెండు పూర్తి అలలు పడతాయి. సగం గీతలు దగ్గరవుతాయి, సగం దూరమవుతాయి, సగటు సున్నా. సెన్సర్‌కి ఏమీ వినపడదు. 18 మిల్లీమీటర్ల ఎస్ జీరో వచ్చినా, సగటు లెక్క ప్రకారం సిగ్నల్‌లో దాదాపు 44 శాతం పోతుంది. గ్రేటింగ్‌ని 5 మిల్లీమీటర్లకి కుదిస్తే ఎస్ జీరోలో పోయేది 12 శాతమే. కానీ గ్రేటింగ్ పొట్టిదైతే కొండ వెడల్పవుతుంది, వాలు పల్చబడుతుంది. మళ్ళీ అదే బేరం. ఫేజ్ షిఫ్ట్ గ్రేటింగ్‌లో కాంతి ఆ మధ్య ఎడం చుట్టూనే గుమిగూడుతుంది కాబట్టి అది తన అసలు పొడవు కంటే పొట్టిదానిలా ప్రవర్తిస్తుంది, అదొక ఊరట.

జిగురు దూరంగా పెడితే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది. ఫైబర్‌లోకి ఎక్కాక తరంగానికి పౌనఃపున్యం అదే ఉంటుంది, తరంగదైర్ఘ్యం మాత్రం ఫైబర్‌ది అవుతుంది. గాజులో వేగం సెకనుకి 5 కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి రేకులో 5 మిల్లీమీటర్లున్న ఏ జీరో కూడా ఇక్కడ 18 దరిదాపుకి సాగిపోతుంది. ఇప్పుడు పొట్టిగా ఉండాల్సింది జిగురు చుక్క. రెండు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకుంటే మంచిది. పల్చగా, గట్టిగా ఆరాలి. మెత్తటి జిగురు అల్ట్రాసౌండ్‌ని మింగేస్తుంది. ఫైబర్ పైన ఉండే మెత్తటి అక్రిలేట్ పూత కూడా మింగుతుంది కాబట్టి పాలీఇమైడ్ పూత ఉన్న ఫైబర్ వాడటం మేలు.

నష్టాలు లేకపోలేదు. ఫైబర్‌లోకి ఎక్కిన శబ్దం రెండు వైపులా పాకుతుంది. చివర్లో తగిలి ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. దాన్ని చంపడానికి చివరన మెత్తటి బంకలాంటిది పెట్టాలి. ఇంకో సంగతి, వదులుగా ఉన్న ఫైబర్‌కి ఒక గొట్టమో కప్పో కావాలి. పూత తీసిన గాజు ఎంత సులువుగా తెగుతుందో పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

ఎటునుంచి వచ్చింది?

పీజెడ్‌టీ బిళ్ళ గుండ్రంగా ఉంటుంది, ఎటునుంచి శబ్దం వచ్చినా ఒకేలా వింటుంది. ఫైబర్ అలా కాదు. తన పొడవునా సాగితేనే దానికి తెలుస్తుంది. తరంగం ఫైబర్ వెంట వస్తే పూర్తిగా వింటుంది, 45 డిగ్రీల వాలులో వస్తే సగం, 60 డిగ్రీలైతే పావు, అడ్డంగా 90 డిగ్రీల్లో వస్తే దాదాపు ఏమీ వినదు. కొసైన్ వర్గం అన్నమాట. దీన్ని లోపమని రాసే పుస్తకాలున్నాయి. నాకు ఇది బోనస్‌లా అనిపిస్తుంది. ఒకేచోట రెండు ఫైబర్లు లంబంగా పెడితే రెండు సిగ్నళ్ళ నిష్పత్తి చూసి దిశ చెప్పొచ్చు. కుడి ఎడమల అయోమయం మిగిలితే మూడో ఫైబర్ ఏటవాలుగా పెట్టి తీర్చుకోవచ్చు.

"ఒక్క ఫైబర్ మీద వందల సెన్సర్లు" అని ప్రకటనల్లో చదివే మాట మాత్రం అల్ట్రాసౌండ్‌కి యథాతథంగా వర్తించదు. స్ట్రెయిన్ నిదానంగా కొలిచేటప్పుడు అది నిజం, ఒకే స్కాన్‌లో అన్ని కొండలూ కనిపిస్తాయి. ఇక్కడ ఒక్కో గ్రేటింగ్ వాలు మీద ఒక్కో లేజర్ నిలబడాలి, ఒక్కోదానికీ లూప్ కావాలి. కాబట్టి అలోహా విమానంలాంటి రివిట్ల వరస కోసమైతే, ఒడలంతా ఫైబర్ పరిచే ఊహ పక్కన పెట్టి, అనుమానమున్న అతుకుల దగ్గర మూడు నాలుగు జిగురు చుక్కలతో మొదలుపెట్టాలి.

మన వంతు

ఓల్టేజి బయటికొచ్చాక పని సీఎస్ఈ వాళ్ళ చేతికొస్తుంది. 300 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కి నైక్విస్ట్ ప్రకారం సెకనుకి ఆరు లక్షల శాంపిళ్ళు దాటితే చాలు. కానీ మనకి శబ్దం ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా కావాలి. ఎస్ జీరో ఒక మైక్రోసెకనులో 5.4 మిల్లీమీటర్లు పోతుంది. సెకనుకి 50 లక్షల శాంపిళ్ళు తీస్తే ఒక శాంపిల్‌కి ఒక మిల్లీమీటరు పైచిలుకు, రివిట్ కన్నం గుర్తుపట్టడానికి సరిపోతుంది. శాంపిల్‌కి రెండు బైట్లు వేసుకోండి. సెకనుకి 10 మెగాబైట్లు, రోజుకి 864 గిగాబైట్లు, అదీ ఒక్క సెన్సర్‌కి!

అన్నీ దాచుకోలేం. సర్క్యులర్ బఫర్‌లో తిప్పుతూ, హద్దు దాటినప్పుడు ముందు కొన్ని వందల శాంపిళ్ళతో సహా ఆ ముక్క మాత్రం దాచుకోవాలి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో దేనికిరా ఇది అనుకున్న ఆ బఫర్ ఇక్కడ తగులుతుంది. యాక్టివ్ పద్ధతిలో అయితే ఒకే పల్స్‌ని వందసార్లు పంపి సగటు తీయొచ్చు, రొద పదో వంతుకి తగ్గుతుంది. పగులు చేసే టిక్ మాత్రం ఒక్కసారే వస్తుంది. మళ్ళీ చెప్పమని అడగలేం. అందుకే పాసివ్ పద్ధతిలో సెన్సర్ సున్నితం మీద అంత పట్టింపు, యాక్టివ్‌లో మామూలు గ్రేటింగ్‌తోనూ నెట్టుకురావచ్చు.

ఇక శబ్దం మొదలైన క్షణాన్ని పట్టుకోవడం. హద్దు దాటిన క్షణమే మొదలు అనుకుంటే, ముందుగా బలహీనంగా వచ్చే ఎస్ జీరోని వదిలేసి వెనకొచ్చే ఏ జీరోని పట్టుకునే ప్రమాదం ఉంది. వేగాల తేడా వల్ల చోటు సెంటీమీటర్లకొద్దీ తప్పుతుంది. దీనికి మెషిన్ లెర్నింగ్ క్లాసులో మోడల్ ఎంచుకోవడానికి చెప్పే ఏఐసీనే, జపాన్ గణాంకవేత్త అకైకే పేరుమీదున్న ఆ ప్రమాణాన్నే వాడతారు. సిగ్నల్‌ని ఒక చోట రెండుగా కోసి, ముందు ముక్క రొద, వెనక ముక్క సిగ్నల్ అనుకుని, ఆ రెండిటినీ విడివిడిగా వర్ణిస్తే ఏ కోత దగ్గర ఏఐసీ విలువ అతి తక్కువో చూస్తారు. ఆ కోతే శబ్దం వచ్చిన క్షణం. పైథాన్‌లో పదిహేను లైన్లు కూడా కావు. వచ్చిన సమయంలోంచి ఫైబర్‌లో పాకిన ఆ పది సెంటీమీటర్ల ఆలస్యాన్ని, దాదాపు 18 నుంచి 20 మైక్రోసెకన్లు, తీసేయాలి. అది చుక్క చుక్కకీ వేరుగా ఉంటుంది. కాబట్టి అతికించిన రోజే, ఒక్కో చుక్క పక్కన పెన్సిల్ ములుకు విరిచి, ఆ టిక్‌ని రికార్డు చేసి, ఆలస్యమెంతో కొలిచి రాసిపెట్టుకోవాలి. పెన్సిల్ విరవడం తమాషాకి చెప్పింది కాదు. అకౌస్టిక్ ఎమిషన్ రంగంలో అందరూ వాడే పరీక్ష అదే.